సగం ఉప్పు, మిగతా సగం

కొత్తగా ఆసుపత్రి వంటగదుల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "మేడమ్, కిడ్నీ పేషెంటు పప్పులో ఉప్పు ఎంత వేయాలి?" అని అడుగుతారు. అంకె చెబుతాను. చెప్పాక, "ఆ పప్పు నువ్వు నోట్లో వేసుకొని చూశావా?" అని అడుగుతాను. అవతల చిన్న నవ్వు వినిపిస్తుంది. గ్రాముల మనిషినని నాకు పేరు. అలాంటిదాన్ని రుచి గురించి అడిగితే నవ్వు రాదా మరి. ఆ ప్రశ్న నాకు ఎలా అలవాటైందో ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నా తెలివితేటలు ఏమీ లేవు. ఒక మనిషిని నేను దాదాపు చంపిన సంగతి ఇది.

కర్నూలులో ఒక ఆసుపత్రిలో డయాలిసిస్ హాలు వెనక ఉండే చిన్న వంటగదిలో పద్దెనిమిదేళ్లు పనిచేశాను. మోకాళ్లు సహకరించక పోయినేడు మానేశాను. మొదట చేరింది కూరగాయలు తరిగే పనికి. పదో తరగతిలో ఇంగ్లీషు తప్పాను గాని, లెక్కల్లో నన్ను మించినవాళ్లు మా బడిలో లేరు. మా నాన్నకు కోడుమూరు పక్కన రెండెకరాల మెట్టచేను ఉండేది. ఎకరాకు ఎన్ని చెనిక్కాయ, అదే వేరుశెనగ విత్తనాలు, ఎన్ని వానలకు ఎన్ని మూటలు అని ఆయన నోటితో అంటుంటే నేను బొగ్గుతో గోడ మీద వేసేదాన్ని. ఆ అలవాటు పోలేదు. వంటగదిలో కూడా తరిగిన కూర తూకం, ఉడికిన కూర తూకం క్యాలెండరు కాగితాల వెనక రాసుకునేదాన్ని. ఒకరోజు మా డాక్టరమ్మ ఆ కాగితాలు చూశారు. పథ్యం చూసే ఉద్యోగి పోస్టు అప్పటికే ఏళ్లుగా ఖాళీ. ఏ గింజలో ఏముంది, ఏ ఆకులో ఏముంది అని పట్టికలున్న పాత పుస్తకం ఒకటి నా చేతిలో పెట్టి, "నేర్చుకో, నేను చూస్తుంటాను" అన్నారు. సోడియం, పొటాషియం, ఫాస్ఫరస్. బడిలో తప్పిన ఇంగ్లీషును నేను ఆ పట్టికల్లో పాసయ్యాను.

మొదటిరోజే ఆమె చెప్పిన మాట నన్ను వదల్లేదు. "కిడ్నీలు పోయిన మనిషి తిన్నది ఒంట్లోనే నిలిచిపోతుంది. మిషన్ మీద పడుకున్నప్పుడే బయటికి పోయేది. ఉప్పు ఎక్కువైతే కాళ్లు వాస్తాయి, ఆయాసం వస్తుంది, మనిషి మనకు చెబుతాడు. పొటాషియం ఎక్కువైతే చాలాసార్లు ఏమీ చెప్పదు. గుండె ఆగుతుంది, అంతే."

విన్నప్పుడు అది పాఠం మాత్రమే. తర్వాతి వేసవిలో నాకు అర్థమైంది. కడప వైపు నుంచి వచ్చే పేషెంటు ఒకాయన ఉండేవాడు. ఒంటిమిట్టకు పోయి వస్తూ దారిలో ఎండకు తాళలేక, పొటాషియం నిండిన కొబ్బరిబోండాలు రెండు తాగాడట. మరునాడు మిషన్ మీద పడుకోవాల్సినవాడు మా గేటు దాకా కూడా రాలేదు. ఆయన కోసం వడగట్టి పెట్టిన పప్పు గిన్నె మధ్యాహ్నం దాకా స్టవ్ పక్కనే ఉంది. ఆ రోజు నుంచి కూరగాయల బుట్టలో ఏది చూసినా నాకు ముందు భయమే వేసేది. అరటిపండ్ల బండి ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్కకు పోయేదాన్ని. నా కిడ్నీలు బాగానే ఉన్నాయి, అయినా.

ఆ భయంతోనే పని నేర్చుకున్నాను. నాకొక నోటుపుస్తకం ఉండేది. ఎడమ పేజీలో ఇంట్లో వండే పద్ధతి, కుడి పేజీలో "తీసింది" అని శీర్షిక. ఉగ్గాని అనుకోండి. బొరుగులతో, అంటే మరమరాలతో చేసే టిఫిను అది, బొరుగుల్లోనే ఉప్పు ఉంటుంది. మామూలుగా ఒకసారి నీళ్లలో వేసి పిండుతాం, నేను రెండుసార్లు వేసి పిండేదాన్ని. పుట్నాల పొడి తీసేయడం, చెనిక్కాయ పప్పులు తీసేయడం. పుంటికూర, అదే గోంగూర, లాంటి ఆకుకూర అయితే నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయడం, మళ్లీ ఉడికించడం. కుడి పేజీ ఎంత నిండితే నాకు అంత ధైర్యం.

మా వంటమేస్త్రికి అది కంటగింపు. డోన్ రైల్వే స్టేషను ఎదుట హోటల్లో ఇరవై ఏళ్లు గరిటె తిప్పి వచ్చినవాడు. చిటికెలతోనే తూచేవాడు. "ఏమక్కా, పుంటికూరకు గూడ జాతకం రాస్తాండావే! దీనికి పెండ్లెప్పుడంట?" అనేవాడు.

"నీ నోట్లో ఎన్ని గ్రాములు కుక్కాల్నో గూడ రాస్తా, నిలబడు" అనేదాన్ని.

"రాయి రాయి. నువ్వు వండేదాన్ని కాటా తింటాది, మనుషులు తినరు."

అది నిజం. నేను వండింది నేను రుచి చూసేదాన్ని కాదు. కాటా ఉంటే నాలుక ఎందుకనుకునేదాన్ని.

అయిదేళ్ల కిందట ఒక పెద్ద రైతు మా వార్డుకు వచ్చాడు. కోడుమూరు అవతలి ఊరు. డెబ్బైకి దగ్గర. మంగళవారం, శుక్రవారం మిషన్. ఊరి నుంచి వచ్చిపోయే ఓపిక లేక వార్డులోనే ఉంచుకున్నారు, కోడలు తోడుగా ఉండేది. ఇరవై రోజులు ఆయన తిన్నది ఏమీ లేదనే చెప్పాలి. రెండు మెతుకులు ముట్టుకొని పళ్లెం తోసేవాడు. మొహం ఎముకలకు అంటుకుపోయింది. డాక్టరమ్మ నన్ను పిలిచి, "ఇలా తినకుండా ఉంటే నా మిషన్ ఆయన్ని బతికించలేదు. ఏదో ఒకటి ఆలోచించు" అన్నారు.

నేనే పళ్లెం తీసుకొని పోయాను. "పెద్దయ్యా, రెండు ముద్దలన్నా తినండి."

"ఇది కూడేనామ్మా? సున్నం కలిపి పెట్టినట్లుండాది. మా యెద్దులు గూడ మూతి తిప్పుకుంటాయి."

"ఏమి తినాలనుండాది?"

"సంగటి. పుంటికూర. మా కోడల్ని అడుగు, ఎట్ల చేస్తాదో చెప్తాది."

మా ఊరూ ఆయన ఊరూ పక్కపక్కనే. మాది చర్చి పక్కన ఉండే వీధి. ఊళ్లో అయితే ఆయన ఇంటి వసారా దాటి లోపలికి పోయేదాన్ని కాదు, ఆ ఇంటి వంట గురించి అడిగేదాన్ని అంతకన్నా కాదు. ఇక్కడ ఆయన నా చేతి ముద్ద తినబోతున్నాడు. ఆ తలపు నాకు సంతోషం ఇవ్వలేదు. ఏదైనా జరిగితే ఆ ఇంటివాళ్లకు ముందు గుర్తొచ్చేది ఆ ముద్ద పెట్టిన చెయ్యి ఎవరిదన్న మాటే అని భయం వేసింది.

కోడలు మంచి పిల్ల. వరండాలో కూర్చొని చెప్పింది. "మేము నూకలు సగం, రాగిపిండి సగం వేస్తామక్కా. పుంటికూర పచ్చిమిరక్కాయలతో ఉడకబెట్టి ఎనిపి, ఎర్రగడ్డ తరిగి, తెల్లగడ్డతో తిరగవాత పెడతాము. చెనిక్కాయల పొడి గూడ కలుపుతాము. మామకు ఉప్పు ఒక పిసరు ఎక్కువుండాల."

రెండు రోజులు లెక్క వేశాను. రాగుల్లో పొటాషియం ఎక్కువ, కాబట్టి నూకలు మూడు పాళ్లు, రాగిపిండి ఒక పాలు, రంగుకు మాత్రం. పుంటికూర రెండుసార్లు ఉడికించి నీళ్లు పారబోయాలి. చెనిక్కాయల పొడి తీసేయాలి. రోజుకు మూడు గ్రాముల ఉప్పు మించకూడదు. అదంతా డాక్టరమ్మకు చూపించి సరేననిపించుకున్నాను. శుక్రవారం సాయంత్రం, మిషన్ దిగాక పెట్టాం. ఒక ముద్ద తిని ఆగాడు.

"కర్నూలులో ఉప్పుకు కరువొచ్చిందామ్మా?"

పళ్లెం జరిపేశాడు.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ సబ్బు కోసం దుకాణంలో ఆగాను. ఉప్పు పొట్లాల వరుసలో కొత్తది ఒకటి కనిపించింది. ముందు వైపు ఎర్రటి గుండె బొమ్మ. దాని కింద పెద్ద అక్షరాలతో: సోడియం సగమే. బీపీ ఉన్నవారికి మేలు అని కూడా రాసి ఉంది. నేను దుకాణం మెట్ల మీదే నిలబడి లెక్క వేశాను. సోడియం సగమే అయితే మూడు గ్రాముల చోట ఆరు గ్రాములు వేయొచ్చు. రెట్టింపు ఉప్పు, అదే సోడియం. తప్పు ఎక్కడా లేదు, మూడుసార్లు సరిచూసుకున్నాను. ఆ ఉద్యోగంలో అంత సంతోషంగా నేను ఇంటికి పోయిన రోజు ఇంకొకటి లేదు.

మా దగ్గర ఒక నియమం ఉంది: బయటి నుంచి ఏ వస్తువు తెచ్చినా డాక్టరమ్మకు చూపించాకే వాడాలి. ఆమె శనివారం ఊళ్లో లేరు, సోమవారం గాని రారు. సిస్టరుకైనా చూపించవచ్చు. చూపించలేదు. ఉప్పేగదా, ఉప్పును కూడా చూపించాలా అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం మూడు గ్రాములు, సాయంత్రం మూడు గ్రాములు. కాటా మీద తూచి నేనే కలిపాను, మేస్త్రిని ముట్టుకోనివ్వలేదు. పెద్దాయన రెండు ముద్దలు తిన్నాడు. కోడలు పరుగెత్తుకుంటూ వంటగది తలుపు దగ్గరికి వచ్చి, "అక్కా, మా మామ చెయ్యి కడుక్కున్నాడు! ఇరవై దినాలైంది, కడుక్కునేంతగా ఆయన చేతికి కూడు అంటి" అంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు.

ఆదివారం చర్చి నుంచి నేరుగా ఆసుపత్రికే పోయాను. రెండు పూటలూ మూడేసి గ్రాములు. "సోమారం ఉగ్గాని పెడతావా?" అన్నాడు, మా ఇంటికి భోజనానికి వచ్చిన చుట్టం లాగా. సోమవారం పొద్దున ఉగ్గాని, రెండు గ్రాములు.

ఆ ఉగ్గాని తింటూ ఆయన ఒక మాట అన్నాడు. "కాళ్లు బరువుగుండాయమ్మా. మంచం దిగుదామంటే మాట యినల్యా."

"మూడు దినాలు కడుపునిండా తింటిరి, బరువుగాకేమి?" అన్నాను.

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. అయిదేళ్లయినా ఆ నవ్వు గుర్తొస్తే నా వీపు చల్లబడుతుంది.

పదకొండు గంటలకు మేస్త్రి పచ్చి మామిడికాయ కోసుకున్నాడు. మామూలు ఉప్పు డబ్బా అడుగంటింది. నా పొట్లంలో నుంచి చిటికెడు తీసి చల్లుకున్నాడు. రెండో ముక్క నోట్లో వేసుకొని ఆగాడు, తొట్టిలోకి ఉమ్మేశాడు.

"అక్కా, ఇదేం ఉప్పు?"

"మంచి ఉప్పేలే. బీపీ వాళ్లది."

"మంచిదేమో గాని, చేదుగుండాది. ఇనుప మేకు నాకినట్లుండాది. నాలుక మింద ఏసుకొని సూడు."

వేసుకున్నాను. ముందు ఉప్పగా ఉంది. తర్వాత నాలుక చివరన సన్నటి చేదు, తుప్పు లాంటి చేదు. అంతకు ముందు ఆ పొట్లం నుంచి ఒక్క రవ్వ కూడా నేను నోట్లో వేసుకోలేదు. పెద్దాయనకు ఈ చేదు ఎందుకు తెలియలేదంటే, పుంటికూర పులుపు ఒకటి. రెండోది, డయాలిసిస్ మనుషులకు ఏది తిన్నా ఇనుము రుచే తగులుతుంటుంది. చేదు వాళ్లకు కొత్త కాదు.

పొట్లం తిప్పాను. వెనక వైపు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో రెండు పేర్లు ఉన్నాయి. మొదటిది సోడియం క్లోరైడ్. రెండోది, నేను ఇంగ్లీషు నేర్చుకున్న మొదటి మాటల్లో ఒకటి. పొటాషియం క్లోరైడ్.

సగం తీసేశామని ముందు వైపు రాశారు. తీసేసిన సగం చోట్లో ఏముందని నేను అడగలేదు. కిలో పొట్లం కిలోనే ఉంది గదా! సగం తీస్తే తూకం సగం కావాలి గదా! బొగ్గుతో గోడ మీద లెక్కలు వేసిన కాలం నుంచి నేను ఏ తీసివేతనూ సరిచూడకుండా వదల్లేదు. దీన్ని వదిలాను. కుడి పేజీలో "తీసింది" అని రాసుకొని ధైర్యంగా పడుకున్నాను.

మేస్త్రి నా మొహం చూశాడు. "ఏమైందక్కా?"

చెప్పాను. అతను మామిడికాయ ముక్కలున్న పళ్లెం కింద పెట్టాడు. తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "రేపు పొద్దున ఎట్లయినా మిషన్ మింద పండుకుంటాడు గదా. అంతా పోతాది. నువ్వు చెప్తే నీ ఉద్యోగం పోతాది. ఆ ఊరోళ్లు ఎట్లాటోళ్లో నీకు తెల్దా? నోరు మూసుకో అక్కా."

నన్ను కాపాడాలనే అన్నాడు. నేనూ ఆ మాటను పట్టుకుందామని చూశాను. రేపు పొద్దున ఎనిమిదికి మిషన్. ఇప్పుడు పదకొండు. ఇరవై ఒక్క గంట. ఆ అంకె నా ముందుకు రాగానే దాని పక్కన ఇంకో అంకె వచ్చి నిలబడింది. ఆరూ ఆరూ పన్నెండు, రెండు పద్నాలుగు. అందులో సగం ఏడు గ్రాములు. వాటి పక్కన, కాళ్లు బరువుగుండాయన్న మాట. పొటాషియం పెరిగితే ఒక్కోసారి ముందు కాళ్లే పట్టు తప్పుతాయి.

వంటగది నుంచి హాలుకు తొంభైనాలుగు అడుగులు. ఏళ్ల తరబడి రోజూ లెక్కపెట్టేదాన్ని. ఆ రోజు ఎన్ని వేశానో నాకు తెలియదు.

డాక్టరమ్మ అప్పుడే వచ్చి ఒక మిషన్ దగ్గర నిలబడి ఉన్నారు. పొట్లం చేతికిచ్చాను. ఆమె ముందు వైపు చూడలేదు, నేరుగా వెనక్కి తిప్పారు. ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు.

"ఎవరికి?"

చెప్పాను.

"ఎంత పోయింది లోపలికి?"

"పద్నాలుగు గ్రాములు మేడమ్. శనివారం మధ్యానం నుంచి. అందులో సగం ఇది."

"కచ్చితంగానా?"

"కాటా మీద తూచినాను."

ఆమె పరుగెత్తారు. డాక్టరమ్మ పరుగెత్తడం ఆ రోజే చూశాను. ఆయన ఛాతీకి తీగలు అంటించి ఈసీజీ తీశారు. కాగితం బయటికి వస్తుంటే వెనక నుంచి చూశాను. గుండ్రంగా చిన్న గుట్టలా ఉండాల్సిన గీత సూదిమొనలాగా నిటారుగా లేచి ఉంది. ప్రతి కొట్టుకూ ఒక సూది. సిస్టరు రక్తం తీసి పంపింది. ఆ రిపోర్టు కోసం ఆగలేదు, చేతి నరంలోకి మందు మెల్లగా ఎక్కించడం మొదలుపెట్టారు. పెద్దాయన అందరి మొహాలూ చూస్తున్నాడు. "ఏమైందమ్మా? నాకేమి కాల్యా గదా, తింటి, పడుకుంటి" అంటున్నాడు.

ఆరు మిషన్లూ నిండి ఉన్నాయి. గోడవైపు మంచం మీద ఉన్న ఒక టీచరమ్మకు ఇంకా నలభై నిమిషాలు మిగిలి ఉంది. ఎవరూ అడగకముందే ఆమె, "నన్ను దింపండి, నేను రేపు వస్తాను" అంది. ఆమె గొట్టాలు తీసి, మిషన్ కడిగి, కొత్త గొట్టాలు బిగించేదాకా నేను పెద్దాయన మంచం పక్కనున్న ఈసీజీ తెర ముందు నిలబడ్డాను. ప్రార్థన చేద్దామనుకున్నాను. ప్రభువా అనగానే అంకెలు వచ్చాయి. ఒకటి, రెండు, మూడు, ఆ సూదుల్నే లెక్కపెట్టాను. లెక్క ఆపితే గీత ఆగుతుందేమోనని భయం. నూరు దాటాక మళ్లీ ఒకటి నుంచి.

ఆయన్ని మిషన్‌కు కలిపాక బయటికి వచ్చాను. వరండాలో కోడలు నిలబడి ఉంది. ఆ పిల్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

"ఏమక్కా, మామకు బాగయిందనుకుంటిమి గదా?"

డాక్టరమ్మ చెబుతారులే అని తప్పుకోవచ్చు. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకొని ఉంది. చెప్పాను. ఉప్పు అనుకొని నేనే పెట్టినానని, నాలుగు పూటలూ, ఈ పొద్దున కూడా.

చెయ్యి వదిలేసింది. "నిన్ను నమ్మి నా చేత్తో కలిపి పెట్టినానే" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. ఫోనులో భర్తకు చెప్పింది. ఆ అరుపులు ఫోను బయటికే వినిపించాయి. నా పేరు, మా వీధి పేరు అడగడం కూడా వినిపించింది.

నాలుగు గంటలు బెంచీ మీద కూర్చున్నాను. మేస్త్రి వంట దించి వచ్చి పక్కన కూర్చున్నాడు. చివరికి, "అక్కా, నేను ఆ మామిడికాయ తినకుండా ఉండింటే?" అన్నాడు. ఇరవై ఒక్క గంట అన్న అంకె ఇద్దరి మధ్యా బెంచీ మీద కూర్చొని ఉంది.

అయిదింటికి డాక్టరమ్మ బయటికి వచ్చారు. "తగ్గింది" అన్నారు. నేను లేచి నిలబడ్డాను. "నువ్వు అంకె కచ్చితంగా చెప్పావు కాబట్టి రిపోర్టు కోసం ఆగలేదు" అన్నారు. నేను ఊపిరి పీల్చుకునే లోపు, "ఆ అంకె నీ దగ్గర ఎందుకుందో కూడా మర్చిపోకు. రేపు అంతా కాగితం మీద రాసివ్వు, ఒక్క ముక్క దాచకుండా. నేను చెప్పేదాకా వంటగదిలోకి రావద్దు" అన్నారు.

మంగళవారం ఆ కాగితం ఇచ్చి, పెద్దాయన మంచం దగ్గరికి పోయాను. ఆయనకు తెలిసిపోయి ఉంటుందనుకున్నాను. తెలియదు.

"యాడికి పోతివి? మళ్లా ఎప్పుడు చేస్తావు ఆ పుంటికూర?"

నిలబడే చెప్పాను. ఆయన చివరి దాకా విన్నాడు.

"అయితే నా కాళ్ల బరువు సంగటి బరువు కాదన్నమాట."

"కాదు పెద్దయ్యా."

ఆయన గోడ వైపు తిరిగాడు. తిట్టలేదు. పో అనలేదు. ఉండమని కూడా అనలేదు.

మూడు వారాలు దుప్పట్ల గదిలో పనిచేశాను. ఉతికి వచ్చిన దుప్పట్లు లెక్కపెట్టి అరల్లో పెట్టడం. వాటిలో నేను ఎవరికీ హాని చేయగలిగింది ఏమీ లేదు. అయినా ప్రతి కట్టా రెండుసార్లు లెక్కపెట్టేదాన్ని. సాయంత్రం వీధి మొదట్లో మోటారుబండి ఆగితే ఆ ఊరివాళ్లేమోనని తలుపు వేసుకునేదాన్ని. ఎవరూ రాలేదు. పెద్దాయన కొడుకు ఫిర్యాదు రాసి, పంపకుండా చింపేశాడని తర్వాత తెలిసింది. ఎందుకు చింపాడో ఇప్పటికీ నాకు తెలియదు.

నాలుగో వారం కోడలు దుప్పట్ల గది గుమ్మంలో నిలబడింది. "అక్కా, మామ మళ్లా తినడం మానేసినాడు. నిన్ను సూస్తే నాకు ఇప్పటికీ భయమే. అయినా నువ్వు రావాల. డాక్టరమ్మను అడిగినాను."

నాకు తనకంటే ఎక్కువ భయమని ఆ పిల్లకు చెప్పలేదు.

నోటుపుస్తకంలో కుడి పేజీకి మధ్యలో గీత గీశాను. ఒక పక్క "తీసింది". రెండో పక్క "దాని చోట పెట్టింది". ఈ రెండో పక్క ఖాళీగా ఉన్న వంట నా చేతి మీదుగా మళ్లీ బయటికి పోలేదు. ఉప్పు మూడు గ్రాములే, మామూలు ఉప్పు. మేస్త్రే దారి చెప్పాడు: "సంగటిలో ఎందుకక్కా వేస్తావు? మాపటి పూటకు దాని వాటా ఉప్పుతో మామూలుగా వండింది పెట్టు, మధ్యానం వాటా అంతా కూర మీద వెయ్. నాలుకకు ముందు తగిలేది అదే గదా." సంగటిలో సున్నా. పుంటికూర ఎనిపేటప్పుడు సున్నా. తెల్లగడ్డ బాగా ఎర్రగా వేయించి, ఉప్పు ఆ తిరగవాతలో కలిపి, పళ్లెంలో వడ్డించాక పైన పోశాం. చుయ్‌మన్నప్పుడు వాసన వార్డు దాకా పోయింది. డాక్టరమ్మ కాగితం చదివి సంతకం పెట్టారు. మేస్త్రి రుచి చూశాడు. తర్వాత నేను చూశాను. నా వంట నేను రుచి చూసింది అదే మొదటిసారి.

పెద్దాయన పళ్లెం ముట్టుకోలేదు. నా వైపు చూశాడు.

"ఏమి తీసినావు?"

"రాగుల్లో సగం పెద్దయ్యా."

"దాని చోట్లో ఏమి పెట్టినావు?"

"నూకలు."

"ఇంగ?"

"చెనిక్కాయల పొడి తీసినాను. దాని చోట్లో వేయించిన తెల్లగడ్డ."

"ఉప్పు?"

"ఏమీ తీయల్యా, ఏమీ మార్చల్యా. మామూలుదే, తక్కువ వేసినా."

ముద్ద తుంచి, కూరలో అద్దుకొని, నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు.

"బాగల్యా" అన్నాడు.

నేను పళ్లెం తీయడానికి వంగాను. చెయ్యి అడ్డం పెట్టాడు. "బాగల్యా అంటిని గాని, తీసుకపొమ్మంటినా? ఇంగో ముద్ద పెట్టు."

ఆయన తింటున్నంతసేపూ నేను పళ్లెం చూడలేదు. దుప్పటి చివర బయటికి ఉన్న పాదాలు చూస్తూ నిలబడ్డాను. అది ఆయన గమనించాడు. ముద్ద నోట్లో ఉండగానే కాలివేళ్లు ఆడించి చూపించాడు. "సూస్తివా? మాట యింటాండాయి."

తర్వాత అది మా ఇద్దరికీ పద్ధతైపోయింది. ఆయన కాస్త కోలుకొని ఊరికి పోయి, మంగళవారం, శుక్రవారం బస్సులో వచ్చిపోవడం మొదలుపెట్టాడు. నేను వంటగది కిటికీలో నుంచి చూసేదాన్ని. ఆయన మాట్లాడేవాడు కాదు. హాలు ముందు బెంచీ మీద కూర్చొని, చెప్పులో నుంచి కాలు తీసి వేళ్లు ఆడించి, మళ్లీ చెప్పు తొడుక్కునేవాడు. పక్కవాళ్లకు అది కాళ్ల తిమ్మిరి. ఆయన రావడం ఆలస్యమైన రోజుల్లో నేను స్టవ్ మంట తగ్గించి కిటికీ దగ్గరే నిలబడేదాన్ని. కడప ఆయన పప్పు గిన్నె కళ్ల ముందు ఆడేది.

నేను పని మానేసిన రోజు శుక్రవారం. నోటుపుస్తకం కొత్త అమ్మాయి చేతికిచ్చి, మధ్యలో గీత గీసిన ఆ పేజీ చూపించి, సంచి తీసుకొని బయటికి వచ్చాను. బెంచీ మీద ఆయన ఉన్నాడు, ఇంకా సన్నబడి. పోతున్నానని చెప్పాను. ఆయన ఎడమ చెప్పు విడిచి కాలు కొంచెం ముందుకు పెట్టాడు. నేను లెక్కపెట్టాను.

అయిదూ ఆడాయి.